మూడు చెమట బొట్లు, ఒక కన్ను

చంద్లాపూర్,
మే నెల, ఆదివారం పొద్దున

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోను చేసినప్పుడు నేను రంగనాయక సాగర్ కట్ట మీద ఉన్న. గాలికి నీ మాట సగమే వినపడ్డది. ఆ సగంతోనే సంగతి తెలిసింది. కంటి రెటీనాలో వెలుతురును పట్టే పొరల్లో జింకు, కాల్షియం, రాగి, ఇనుము ఎంతెంత ఉన్నయో కొలిచే పని నీకు అప్పజెప్పిండ్రు. నాలుగు నెలలైనా అంకెలు ఒక తీరుగ రాలేదు. సోమవారం వచ్చిన జింకు గురువారానికి మూడింతలైతున్నది. మీ సారు మిషన్‌ను అనుమానిస్తున్నడు, నువ్వు నిన్నే అనుమానించుకుంటున్నవు.

ఫోన్లో ఒడిసే ముచ్చట కాదని కాగితం పట్టిన. నేను సైంటిస్టును కాదు. హైదరాబాద్‌లో ముప్పై ఏండ్లు టెక్నీషియన్‌గ సీసాలు కడిగినోణ్ని. నీకు గైడ్లు చాలామంది దొరుకుతరు గాని సీసాలు కడిగిన మేనమామ ఒక్కడే కద. ఓపిక పట్టి చదువు.

ముందుగాల మిషన్‌ను వదిలెయ్యి. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ అటామిక్ అబ్జార్ప్షన్ పద్ధతి చెప్పినప్పటి నుంచి ఇప్పటి ఐసీపీ-ఎంఎస్ దాక, ఈ మిషన్లు తమలో పోసినదాన్ని లెక్కపెట్టుడే తప్ప ఇంకోటి చెయ్యవు. జింకు దీపం వెలిగిస్తే 213.9 నానోమీటర్ల కాడ ఎంత వెలుగు మింగుడుపడ్డదో చెప్తది. ఆ జింకు కంటిదా, నీ చేతిదా, చక్కెరదా అన్నది దానికేం ఎరుక?

కాగితం మీద ఒక లెక్క వేద్దాం. చెయ్యి తిరిగినోళ్లకు ఒక పశువు రెటీనా నుంచి వెలుతురును పట్టే ప్రోటీన్ రోడాప్సిన్ అర మిల్లీగ్రాము చేతికొస్తది అనుకో. రోడాప్సిన్ అణుభారం 40 వేల దరిదాపు కాబట్టి అది పన్నెండున్నర నానోమోల్‌లు. పది రోడాప్సిన్‌లకు ఒక జింకు ఉన్నదనుకో. ఉన్నదని నేను అంటలేను, లెక్క కోసం అనుకో. అప్పుడు ఆ కంటి పొరల్లో మొత్తం జింకు 80 నానోగ్రాములు. ఇగ మనిషి చెమటకు రా. అందులో జింకు లీటరుకు అర మిల్లీగ్రాము దరిదాపు. ఒక బొట్టు 50 మైక్రోలీటర్లు అనుకుంటే 25 నానోగ్రాములు. మూడు చెమట బొట్లు రాలితే ఒక కన్ను బరాబరి. మే నెలలో చీకటి గదిలో, తలుపులు మూసి, ఎర్ర బల్బు కింద వంగి కూసొని ఎన్ని బొట్లు రాలుతయో నీకే తెలుసు.

చెమట సంగతి నయం, కనపడుతది. చక్కెర కనపడదు. రాడ్లు అనే కంటి కణాల బయటి భాగాలను విడదీయాలంటే రెటీనాను చిక్కటి సుక్రోజ్ నీళ్లలో కుదిపి తేల్చాలె కద. నూరు మిల్లీలీటర్లకు 45 గ్రాములు. ఎంత ఖరీదైన సుక్రోజ్ డబ్బా తెచ్చినా అందులో గ్రాముకు మైక్రోగ్రాములో పదో వంతు జింకు ఉన్నదనుకుంటే, నువ్వు వాడే పది మిల్లీలీటర్లలో 450 నానోగ్రాములు. కన్ను 80, చక్కెర 450. ఇంటికొచ్చిన చుట్టం కంటే చుట్టం వెంట వచ్చినోళ్లే ఎక్కువ. అందుకే సుక్రోజ్‌ను ముందు లోహాలను పట్టుకునే చీలెక్స్ రెసిన్ గొట్టం మీంచి పోనియ్యాలె, బఫర్‌ను కూడ. పోనిచ్చినంక దాన్ని మళ్లీ కొలవాలె. "రెసిన్‌లోంచి పోయింది కద, శుభ్రమే" అనుకునుడు ఉన్నది చూడు, నా సర్వీసులో సగం అంకెలు అక్కడనే చెడిపోయినయి.

ఒక ముచ్చట చెప్త. ఎవరి ముందటా చెప్పలేదు, మీ అత్తకు తప్ప. నేను పనిచేసిన ఒక చోట మా బ్లాంక్‌లలో, అంటే కన్ను వెయ్యకుండ మిగతావన్నీ పోసిన గొట్టాలలో, జింకు ఏప్రిల్ ఆఖరుకు ఎక్కుడు మొదలై, మే అంతా మీదనే ఉండి, జూన్ రెండో వారం నుంచి దిగుడు. రెండేండ్లు అట్లనే. నీళ్లను అనుమానించినం. యాసిడ్ సీసా మార్చినం. గాలికి దుమ్ము వస్తున్నదని కిటికీ సందులకు టేపు వేసినం. ఎండకు రబ్బరు బిరడాలు కరుగుతున్నయేమో అని అవీ తీసేసినం. ఆ బిరడాల మీద అనుమానం ఉత్తగ రాలేదు, రబ్బరు గట్టిపడేందుకు జింక్ ఆక్సైడ్ కలుపుతరు. అయినా బ్లాంక్ దిగలేదు. మూడో ఏడు మే నెలలో ఒకరోజు అద్దం ముందు మెడకు చెమటకాయల పౌడరు పట్టిస్తూ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివిన. జింక్ ఆక్సైడ్. చేతిలో డబ్బా చేతిలోనే ఉండిపోయింది. వానలు పడంగనే పౌడరు మానేసెటోణ్ని, అందుకే జూన్‌లో బ్లాంక్ దిగేది. రెండు ఎండాకాలాల రీడింగులు నా చేతితోనే రిజిస్టర్లో ఎర్ర సిరాతో కొట్టేసిన. పక్కన కారణం రాయమంటే "పౌడరు" అని రాసిన. ఆ పేజీ చూసి మా సారు తిట్టలేదు, నవ్వనూ లేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

కాబట్టి ల్యాబ్ రోజున పౌడరు వద్దు. కాటుక వద్దు. ఇంట్లో ఆముదం దీపం మసితో చేసినదైనా వద్దు, బజార్ల అమ్మే సుర్మా అసలే వద్దు, వాటిల్లో సీసం ఉన్నవీ ఉంటయి. చేతికి గాజులు, ఉంగరం తీసేయి. తలకు నూనె పెట్టుకుంటే టోపీ పెట్టుకో. కత్తి సంగతి కూడ అడగాలని ఉండె. స్టీలు కత్తితో కోస్తున్నవా? స్టీలు అంటే ఇనుము, క్రోమియం, నికెల్. మనిషి రక్తంలో క్రోమియం మామూలుగ ఎంత ఉంటది అన్నదానికి పాత పుస్తకాలు చెప్పిన అంకెకు, ఇప్పటి అంకెకు వెయ్యి రెట్ల పైన తేడా ఉన్నది. మనుషులు మారలేదు. సూదులు మారినయి, గదులు శుభ్రమైనయి. అప్పటిదాక వాళ్లు కొలిచింది రక్తాన్ని కాదు, స్టీలు సూదిని. నీ పనికి టైటానియం కత్తో, క్వార్ట్జ్ ముక్కో, లేదంటే గట్టి ప్లాస్టిక్కో వాడు.

నీళ్ల సంగతి నువ్వు చిన్నప్పుడు మా ఇంట్లనే చూసినవు. సాగర్ నిండకముందు, అంటే 2020 ఏప్రిల్ ముందట, బోరు నీళ్లు కాగబెట్టిన గిన్నె అడుగున తెల్లటి గార పట్టేది, గోరుతో గీకితే పొడి రాలేది. నువ్వు దాన్ని సున్నం అని చేతికి రాసుకొని ఆడుకున్నవు. అదే కాల్షియం. గాజు సీసా నల్లా నీళ్లతో కడిగి, డిస్టిల్డ్ నీళ్లతో ఒక్కసారి జాడించి "అయింది" అంటే ఆ గార సన్నగ గాజును పట్టుకొనే ఉంటది. పది శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టు. వీలైతే గాజే వద్దు, టెఫ్లాన్ గాని పాలీప్రొపిలీన్ గాని వాడు.

కాల్షియం అన్న కాబట్టి ఒక పెద్ద కథ చెప్పాలె. నీ సబ్జెక్టులో ఇంత పెద్ద పొరపాటు ఇంకోటి లేదు. అయితే అది తెలివితక్కువోళ్ల పొరపాటు కాదు.

1970ల మొదట్లో అమెరికాలో హేగిన్స్, యోషికామి అని ఇద్దరు ఒక మంచి ఆలోచన చేసిండ్రు. రాడ్ కణం బయటి భాగంలో వెయ్యి దాక బిళ్లలు, విస్తరాకుల లెక్క ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటయి. రోడాప్సిన్ ఉండేది ఆ బిళ్లల పొరల్లో. కణం వెలుతురుకు స్పందించేది మాత్రం బయటి పొరలోని ద్వారాలు మూసి. బిళ్లకు, బయటి పొరకు నడుమ ఖాళీ ఉన్నది. మరి కబురు ఎవరు మోస్తున్నరు? వాళ్లు చెప్పింది: కాల్షియం. వెలుతురు పడంగనే బిళ్లల్లోంచి కాల్షియం బయటికొచ్చి ద్వారాలను మూస్తదని. బయట కాల్షియం పెంచితే నిజంగనే ద్వారాలు మూసుకుంటున్నయి. అంతా కుదిరినట్టే ఉండె.

ఇగ అందరూ బిళ్లల్లో కాల్షియం కొలుసుడు మొదలుపెట్టిండ్రు. కప్ప కండ్లు, పశువు కండ్లు, చీకట్లో తీసి, వెలుతురులో తీసి, ముందు ఎంత, తర్వాత ఎంత అని. ఒక ల్యాబ్‌కు వెలుతురుకు కాల్షియం బయటికొచ్చింది, ఇంకో ల్యాబ్‌కు రాలేదు. ఒక రోడాప్సిన్‌కు ఎంత కాల్షియం అన్న అంకె ఒకరిది ఒకరికి కలవలేదు. ఏండ్లకు ఏండ్లు కొట్లాడిండ్రు. చివరికి 1985లో రష్యాలో ఫెసెంకో బృందం ఆ ద్వారాలను తెరిచి పట్టేది సైక్లిక్ జీఎంపీ అని చూపించిండ్రు. వెలుతురు పడితే అది తగ్గుతది, ద్వారం మూసుకుంటది. అదే ఏడు యావ్, నకతాని ఇంకోటి చూపించిండ్రు: వెలుతురులో కణం లోపల విడి కాల్షియం పెరగదు, తగ్గుతది. పదేండ్లకు పైన అందరూ వెతికిన దిక్కుకు సరిగ్గ ఎదురు దిక్కు.

ఇందులో నీకు పనికొచ్చేది చూడు. నీ మిషన్ చూపేది మొత్తం కాల్షియం. బిళ్లకు అంటుకున్నది, లోపల దాగినది, కడిగేటప్పుడు వచ్చి చేరినది, అన్నీ కలిపి. కణం నడిచేది విడి కాల్షియం మీద, అది ఆ మొత్తంలో ఆవగింజంత కూడ కాదు. బావిలో నీళ్లెన్ని అని కొలిచి ఊళ్లో దాహం ఎంతో చెప్పలేం. విడి కాల్షియంకు మెరిసే రంగులు వాడే దారి వేరే ఉన్నది. నీ థీసిస్‌లో "కాల్షియం ఇంత" అని రాసే ప్రతిచోటా "మొత్తం" అన్న మాట చేర్చు. ఒక్క మాటే. పరీక్ష చేసేటోళ్లు చూసేది దాన్నే.

మొత్తాన్ని కొలిచినా ఉపాయంతో కొలిచినోళ్లు ఉన్నరు. 1984లో ష్రోడర్, ఫెయిన్ రాడ్లను విడదీసి కడగకుండనే, లేజర్‌తో ఒక్కో చోట పొడిచి ఆవిరైనదాన్ని తూచిండ్రు. కడుగుడు లేకపోతే కడుగుడులో వచ్చే మురికీ లేదు. ఇప్పుడు మన దేశంలోనే ఇండోర్ ఇండస్-2 యంత్రం కాడ ఎక్స్‌రేలతో కోత మీదనే లోహాల పటం గీసే ఏర్పాటు ఉన్నది. మీ సారును అడుగు. ద్రావణం చేసి కొలిచిన అంకె, పటం మీద కనపడ్డ అంకె ఒకే దిక్కు చూపిస్తే నీకు రాత్రి నిద్ర పడుతది.

చీకటి గది గురించి నీకు చెప్పే పని లేదేమో గాని, నాకు చెప్పబుద్ధి అయితున్నది. యాటల కండ్లు కబేళా నుంచి మంచు డబ్బాలో, నల్లగుడ్డ చుట్టి తెచ్చేటోళ్లం. డబ్బా తెరిచేది ఎర్ర బల్బు కిందనే, ఆ ఎరుపు రాడ్లకు ఆనదు కద. కన్ను ముందటి మూత కోసి, జిగురును వంచి, రెటీనాను ఊడదీస్తే తడిసిన పల్చటి కాగితం లెక్క జారి వస్తది. ఎర్ర వెలుగులో దానికి రంగే ఉండదు, బూడిద లెక్క. చక్కెర నీళ్ల గ్రేడియంట్‌లో వేసి తిప్పినంక గొట్టం నడుమ ఒక పట్టీ కడుతది. ఒకసారి కొత్తగ చేరిన పిల్లగాడు మరిచిపోయి తలుపు తీసిండు. వరండా లైటు పడ్డది. చూస్తుండంగనే పట్టీ దానిమ్మ గింజ రంగు చూపి, నారింజ రంగుకు తిరిగి, పసుపై, పాలిపోయింది. రోజంతా చేసిన పని. వాణ్ని తిట్టనీకి నోరు రాలేదు. ఎందుకంటే నేనూ దాన్ని అంత దగ్గర చూసుడు అదే మొదలు.

1876లో రోమ్‌లో ఫ్రాంజ్ బోల్ కప్ప రెటీనాలో చూసింది అదే ఎరుపు, వెలుతురుకు అది వెలిసిపోవుడు. పాపం ముప్పై ఏండ్లకే క్షయతో పోయిండు. తర్వాత కూనే అనే శాస్త్రవేత్త పిత్త లవణాలతో ఆ రంగును నీళ్లలోకి దింపిండు. 1933లో జార్జ్ వాల్డ్ రెటీనాలో విటమిన్ ఎ ఉన్నదని పట్టిండు. మన దిక్కు ఆ కథ ఇంకో తొవ్వ పట్టింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చిన పోషకాహార సంస్థ పరిశోధనల మీద నిలబడే 1970 నుంచి పిల్లలకు ఆర్నెల్లకోసారి విటమిన్ ఎ చుక్కలు పోసుడు మొదలైంది. పొద్దుగుంకంగనే గోడలు తడుముకుంటూ నడిచే పిల్లలు మా చిన్నప్పుడు ప్రతి వాడకట్టులో ఉండేటోళ్లు. రేచీకటి అంటే ఇప్పుడు నీకు పుస్తకంలో మాట.

సరే, నీ పట్టీ కాడికి వద్దాం. పట్టీని ట్యూబ్‌లోంచి తీయకముందు వెలుతురుకు ఎదురుగ పెట్టలేవు కాబట్టి తీసినంక అడుగును చూడు. నల్లటి చుక్కలు ఉన్నయా? రెటీనా వెనకాల నల్లపొర ఉంటది, అందులో మెలనిన్. మెలనిన్‌కు లోహాలంటే ఆశ. జింకు, కాల్షియం, ఇనుము దొరికింది దొరికినట్టు పట్టుకుంటది. ఒక్క నల్లచుక్క గొట్టంలో పడ్డదంటే నువ్వు కొలిచేది రాడ్లను కాదు, ఆ చుక్కను. గురువారం జింకు మూడింతలైన రోజు గొట్టం అడుగు ఎట్ల ఉండెనో గుర్తు తెచ్చుకో. గుర్తు లేకపోతే రేపటి నుంచి ప్రతి గొట్టం అడుగు రాసి పెట్టు: నల్ల ఉన్నది, లేదు. ఇనుము ఎక్కువొస్తే మాత్రం నల్లపొర కంటే ముందు రక్తాన్ని అనుమానించు. ఒక్కో హిమోగ్లోబిన్‌లో నాలుగు ఇనుములు.

ఇగ దేంతో భాగించాలె అన్నది. "జింకు ఇంత" అంటే అర్థం లేదు. ఎంత పొరకు ఇంత? రోడాప్సిన్‌తో భాగించు. 498 నానోమీటర్ల కాడ కొలిచి, హైడ్రాక్సిలమైన్ వేసి వెలుతురు చూపి మళ్లీ కొలిచి, ఆ తేడా తీసుకో. అది ఒక్కటే చాలదు, దానికి సాక్షి ఉండాలె. పొరల్లోని ఫాస్ఫోలిపిడ్‌ను కూడ కొలువు. ఒక రోడాప్సిన్‌కు అరవై, డెబ్బై ఫాస్ఫోలిపిడ్‌లు ఉండాలె. నీకు నూటయాభై వస్తే గొట్టంలో వేరే పొరలు కలిసినట్టు.

ఆ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఎవరిదో తెలుసు కద? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రాసిండు. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, నీలం రంగు తెప్పించి, ఆ నీలం ఎంత చిక్కగ ఉన్నదో చూసుడు. నూరేండ్లయింది. లిపిడ్లకు తగ్గట్టు 1959లో బార్ట్‌లెట్ కొంచెం సవరించిండు, అంతే. నేను సర్వీసులో ఉన్నన్ని రోజులు ప్రతి వారం ఆ నీలాన్ని చూసిన. బజార్ల ఆయన విగ్రహాలు ఎక్కువ లేకున్నా, ల్యాబ్‌లో ఆ నీలం ఉన్నది కద అనిపించేది. ఒక్కటి జాగ్రత్త: ఫాస్ఫరస్ కొలిచే నమూనాకు ఫాస్ఫేట్ బఫర్ వాడకు. నవ్వకు, వాడినోళ్లను చూసిన. కాల్షియంను మంట మీద కొలిచేటప్పుడు ఆ ఫాస్ఫేటే కాల్షియంను పట్టి విడువదు, లాంథనం క్లోరైడ్ కలిపితే గాని వదలదు. అంటే ఒక గొట్టంలో ఫాస్ఫేట్ నీకు సాక్షి, పక్క గొట్టంలో దొంగ.

జింకు నిజంగ రోడాప్సిన్‌ది అవునా కాదా అన్నది తేల్చుడు నీ థీసిస్‌కు నడిమి ఇరుసు. 1992లో రోడాప్సిన్‌కు జింకు నేరుగ అంటుకుంటదని చూపిన పేపరు ఉన్నది, చదివే ఉంటవు. 2000లో పాల్చెవ్‌స్కీ బృందం రోడాప్సిన్ ఆకారం మొత్తం బయటపెట్టినప్పుడు అందులో జింకు కూచున్న చోట్లు కూడ కనపడ్డయి. కనపడ్డయని సంబరపడకు. ఆ స్ఫటికాలను పెంచిన ద్రావణంలో జింక్ ఎసిటేట్ పోసి ఉన్నది. అంటుకోగలదు అన్నది ఒక మాట, బతికిన కంటిలో అంటుకొని ఉన్నది అన్నది ఇంకో మాట. లోహాలను లాగే ఈడీటీఏతో కడిగితే వదులుగున్న జింకు పోతది, గట్టిగున్నదీ కొంత పోతది. కడగకపోతే మురికీ ఉంటది. కాబట్టి కడిగిన అంకె, కడగని అంకె రెండూ రాయి. ఒకదాన్ని దాచి ఇంకోటి చూపించకు. మీ సారు ఒక్కటే కావాలంటే రెండోది అనుబంధంలో పెట్టు, పోరాడన్న పెట్టు.

జింకు అసలే లేదనేటోళ్ల మాట కూడ వినకు. సైక్లిక్ జీఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్‌లో జింకు గట్టిగ కూచొని ఉన్నది, ఆ ఎంజైమ్ ఉండేది నువ్వు విడదీసే ఆ బిళ్లల మీదనే. అంటే గొట్టంలో జింకు కొంతైనా నిజమైనదే. ఎంత అన్నదే పేచీ. వీధి కుక్కలకు రాత్రి టార్చి కొడితే కండ్లు పచ్చగ మెరుస్తయి చూడు, ఆ మెరుపు వచ్చేది కంటి వెనక ఉండే అద్దం లాంటి పొర నుంచి, ఆ అద్దంలో జింకు కుప్పలు కుప్పలుగ ఉంటది. 1950లలో జర్మనీలో వైట్‌సెల్ దాన్ని కొలిచిండు. యాటల కండ్లు కూడ మెరుస్తయి గాని వాటి అద్దం వేరే సరుకు, అది ఉత్త నారపోగుల పొర. కాబట్టి కుక్క కంటి అంకె తెచ్చి యాట కంటికి పోల్చకు.

ఇదంతా విని అవ్వ అడిగింది, "కంట్ల జింకు తగ్గితే గోళీలు మింగొచ్చునా?" అని. 2018 కంటి వెలుగు శిబిరంలో ఇచ్చిన అద్దాలు ఇప్పటికీ ఆమెకు ముక్కు మీదనే ఉన్నయి, చదివేది లేకున్నా. నువ్వు ఈ పనిలో ఉన్నవని తెలిస్తే ఊళ్లో నలుగురు ఇదే అడుగుతరు. చెప్పేది ఒక్కటే: 2001లో అమెరికాలో ఒక పెద్ద పరీక్షలో రోజుకు 80 మిల్లీగ్రాముల జింకు, తోడు కొంచెం రాగి, మరికొన్ని విటమిన్లు ఇస్తే ముసలితనంలో మాక్యులా చెడిపోయే జబ్బు కొందరిలో నెమ్మదించింది. ఆ జబ్బు కొంత ముదిరినోళ్లకే, అందరికీ కాదు. మన పోషకాహార సంస్థ పెద్ద మగోళ్లకు చెప్పిన లెక్క రోజుకు 17 మిల్లీగ్రాములు. రోజూ 80 మిల్లీగ్రాముల జింకు మింగితే పేగుల్లో రాగి దారి మూసుకుంటది, అందుకే అందులో రాగి కలిపిండ్రు. నీ గొట్టంలో అంకె చూసి ఎవరికీ గోళీ చెప్పకు. అవ్వకు నేను మునగాకు తినమని చెప్పిన. కూర నచ్చలేదని అలిగింది.

మనుషుల కండ్లు ఎప్పుడు పెట్టమంటవు అని అడిగినవు. ఇప్పుడు కాదు. ఎల్వీ ప్రసాద్ సంస్థలో రామాయమ్మ ఐ బ్యాంకు 1989 నుంచి ఉన్నది. కార్నియా ఇంకొకరికి పెట్టినంక మిగిలిన భాగం, దానమిచ్చిన ఇంటివాళ్లు ఒప్పుకుంటే, పరిశోధనకు దొరికే వీలుంటది. ఆ కండ్లు ఇచ్చినోళ్లు ఇంటి మనిషి పోయిన గడియలో, ఏడుస్తనే సంతకం పెట్టినోళ్లు. యాట కన్ను మీద నీ బ్లాంక్ నిలకడగ రాకముందు ఆ కన్ను ముట్టుకోవద్దు. రాడ్ బయటి భాగం బతికున్నప్పుడు పది రోజులకోసారి కొత్తదైతది గాని, పోయినంక గంట గంటకూ చెడుతది. పోయి ఎన్ని గంటలైంది అన్నది కూడ నువ్వు రాసుకోవాలె.

ఇగ అసలు పని. ఈ ఉత్తరం అందినంక వచ్చే సోమవారం పొద్దున కన్ను తియ్యకు. పది గొట్టాలు పెట్టు. కన్ను తప్ప అన్నీ వెయ్యి: చక్కెర నీళ్లు, బఫర్, యాసిడ్, చీకటి గది, ఎర్ర బల్బు, నీ చేతులు, అంతా అదే సమయం, అదే ఆలస్యం. పదింటినీ కొలువు. వాటి మధ్య తేడా ఎంతున్నదో చూసి దానికి మూడింతలు తీసుకో. బ్లాంక్‌ల సగటు తీసేసినంక నీ కన్ను అంకె దానికి మించకపోతే "కనపడలేదు" అని రాయి, ఏదో ఒక అంకె రాయకు. తర్వాత ఆ పదిలో ఐదింటికి తెలిసినంత జింకు కలిపి, అంతే తిరిగొస్తదా చూడు. పశువు కాలేయం పొడి ఒకటి అమెరికా స్టాండర్డ్స్ సంస్థ అమ్ముతది, 1577 నంబరుది. ఖరీదే, మీ సారు గొణుగుతడు. అయినా ఆర్డర్ పెట్టించు. ఇంకా అనుమానం ఉంటే ఈసీఐఎల్ కాడ పదార్థాల పరీక్షా కేంద్రం ఉన్నది, బార్క్‌ది. అతి సన్నని లెక్కలు చూసే పని వాళ్లకు చేతనైనది. ఒకే గొట్టాన్ని రెండు చేసి ఒకటి అక్కడికి పంపు. ఏది ఎవరిదో సీసా మీద రాయకు, నీ నోట్‌బుక్కులో రాసుకో.

ఈ పది బ్లాంక్‌లకు రెండు వారాలు పడుతది. కన్ను అంకె ఒక్కటి కూడ రాదు. ల్యాబ్ మీటింగ్‌లో చూపనీకి ఏమీ ఉండదు, పక్కపిల్లలు గ్రాఫులు చూపిస్తరు. ఆ మీటింగ్‌కు నువ్వు బ్లాంక్‌ల గ్రాఫే పట్టుకపో. మీ సారు మంచోడైతే కుర్చీలోంచి ముందుకు వంగుతడు.

ఈ ఉత్తరంతో ఒక డబ్బా పంపుతున్న. అందులో నా పాత ప్లాస్టిక్ చిమటా ఉన్నది, రిటైర్ అయిన రోజు నాతో తెచ్చుకున్నది, ఎన్ని రెటీనాలు పట్టిందో లెక్కలేదు. యాసిడ్‌లో నానబెట్టి, మూడుసార్లు కడిగి, సంచిలో మూసిన. కడిగిన అన్న నా మాట మీద మాత్రం నమ్మకం పెట్టుకోకు, ముందు దాని బ్లాంక్ తియ్యి. మామిడికాయ తొక్కు వేరే సీసాలో మీ అత్త పెట్టింది. రెండూ ఒకచోట పెట్టకు, మూత కొంచెం కారుతున్నది.

నీ మేనమామ